మాత్ర మానేస్తే బీపీ పాత అంకె దగ్గర ఆగకుండా దాన్ని దాటిపోయింది, ఎందుకు?

శీను_తెనాలి | ఆదివారం ఉదయం 7:10

అందరికీ నమస్కారం. మా అమ్మకు 64 ఏళ్ళు. పన్నెండేళ్ళుగా బీపీ ఉంది, నాలుగేళ్ళుగా కిడ్నీలు కాస్త దెబ్బతిన్నాయి. ఆమ్లోడిపిన్‌తో లొంగకపోతే రెండేళ్ళ కిందట క్లోనిడిన్ 100 మైక్రోగ్రాముల మాత్ర రోజుకు మూడుసార్లు రాశారు. అప్పట్నించి 150 దాటింది లేదు. అది మొదలుపెట్టక ముందు 170 దగ్గర ఉండేది.

పోయిన వారం మేనమామ కూతురి పెళ్ళికి వెళ్ళింది. క్లోనిడిన్ అట్ట ఫ్రిజ్ మీదే ఉండిపోయింది. మిగతా మాత్రలు సంచిలో ఉన్నాయి కాబట్టి, రెండు రోజులకు ఏమవుతుందిలే అనుకుంది. రెండో రోజు రాత్రి జాకెట్టు తడిసిపోయేలా చెమటలు, చేతుల్లో వణుకు, మెడ వెనక నొప్పి. గుండె చప్పుడు తనకే వినిపిస్తోందని చెప్పింది. దగ్గర్లోని ఆసుపత్రికి తీసుకెళ్తే 214/118.

నా ప్రశ్న ఒక్కటే. మందు లేనప్పుడు 170 ఉండేది. మందు మానేస్తే మళ్ళీ 170కి రావాలి కదా? 214 ఎక్కడ్నుంచి వచ్చింది? అక్కడున్న డాక్టరు గారు "ఈ మాత్ర మెదడు మీద పనిచేస్తుందమ్మా, ఒక్కసారిగా ఆపకూడదు" అని మాత్రం చెప్పారు. బీపీ అంటే గుండె, రక్తనాళాలు అనుకుంటున్నాం మేము. మధ్యలో మెదడుకేం పని?

లక్ష్మి_స్టాఫ్‌నర్స్ | ఆదివారం ఉదయం 8:02

శీను గారూ, ముందు అమ్మ ఎలా ఉన్నారో చెప్పండి. నేను పనిచేసేది డయాలసిస్ వార్డులో. క్లోనిడిన్ వేసుకునేవాళ్ళు మా దగ్గర చాలామంది. ఊరు వెళ్ళొచ్చి ఇలా బీపీ పెరిగిపోయి వచ్చినవాళ్ళను కళ్ళారా చూశాను. ఆ చెమట, ఆ వణుకు చూడగానే మేం మొదట అడిగేది "ఏ మాత్ర మానేశారు?" అనే.

శీను_తెనాలి | ఆదివారం ఉదయం 8:15

ఇప్పుడు బాగానే ఉందండి. మాత్ర మళ్ళీ మొదలుపెట్టి ఒక రాత్రి ఉంచుకుని పంపేశారు. నిన్న 156/90.

సత్యం_మాస్టారు | ఆదివారం ఉదయం 10:40

వైద్య కళాశాలలో ఇరవై ఆరేళ్ళు ఫార్మకాలజీ చెప్పి రిటైరయ్యాను. శీను అడిగింది పిల్లలు వైవాలో తడబడే ప్రశ్న. కొంచెం ఓపిగ్గా చదవండి.

మెడ పైన, వెన్నుపాము మెదడులోకి చేరే చోట మజ్జాముఖం ఉంటుంది. పొడవు మూడు సెంటీమీటర్లు. 1870ల్లో జర్మనీలోని లైప్‌జిగ్‌లో కార్ల్ లుడ్విగ్ ప్రయోగశాలలో ఒక పని చేశారు. జంతువుల మెదడును పైనుంచి కిందికి కొంచెం కొంచెంగా వేరుచేస్తూ వచ్చారు. పైభాగాలు పోయినా బీపీ పెద్దగా మారలేదు. మజ్జాముఖం దగ్గరికి రాగానే ఒక్కసారిగా కుప్పకూలింది. అంటే మనం కూర్చున్నా పడుకున్నా బీపీని నిలబెట్టే నరాల కూడలి అక్కడుంది. ఆ కణాలు నిద్రలో కూడా ఆగకుండా వెన్నుపాముకు సంకేతాలు పంపుతాయి. అక్కణ్ణుంచి సింపథెటిక్ నరాలు రక్తనాళాలను బిగిస్తాయి, గుండెను వేగంగా కొట్టిస్తాయి, కిడ్నీలకు ఉప్పు పట్టి ఉంచమని చెబుతాయి.

ఈ కణాలకు పగ్గం ఉండాలి కదా. ఆ పగ్గాల్లో ఒకటి ఆల్ఫా-2 గ్రాహకం. గ్రాహకమంటే కణం పొరలో ఇమిడి ఉండే ప్రొటీను, దానికి సరిపోయే రసాయనం వచ్చి తగిలితే లోపల పని మొదలవుతుంది. నరం చివర నోరడ్రినలిన్ అనే రసాయనం విడుదలయ్యాక, అదే నోరడ్రినలిన్ ఆల్ఫా-2కి తగిలి "ఇక చాలు" అని చెబుతుంది. క్లోనిడిన్ చేసేది దాన్ని అనుకరించడం. అది మెదడులోకి సులువుగా వెళ్ళి రోజంతా "చాలు, చాలు" అంటూ ఉంటుంది. నరాల జోరు తగ్గుతుంది, నాళాలు సడలుతాయి, బీపీ దిగుతుంది.

ఇప్పుడు 214 సంగతి. రెండేళ్ళపాటు ఒకే మాట వింటున్న గ్రాహకాలు క్రమంగా మొద్దుబారతాయి. కణం వాటిలో కొన్నింటిని లోపలికి లాగేసుకుంటుంది కూడా. అలాంటప్పుడు మందు ఒక్కసారిగా మాయమైతే? నరాలు నోరడ్రినలిన్‌ను కుమ్మరిస్తాయి. "చాలు" అని చెప్పాల్సిన గ్రాహకాలకు ఆ మాట సరిగా వినపడదు. అందుకే అమ్మ బీపీ మందు లేని రోజుల అంకె దగ్గర ఆగలేదు. ఆ చెమట, వణుకు, గుండె దడ అన్నీ నోరడ్రినలిన్, అడ్రినలిన్ పనులే. క్లోనిడిన్ ప్రభావం గంటల్లోనే తగ్గిపోతుంది కాబట్టి, ఆఖరి మాత్ర తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే ఇది మొదలవుతుంది.

శీనూ, ఒకటి అడగాలి. మిగతా మాత్రలు సంచిలో ఉన్నాయన్నావు. అవేమిటో పేర్లు రాయి.

దర్శి_పశువైద్యుడు | ఆదివారం మధ్యాహ్నం 1:25

మాస్టారు గారు చెప్పిన ఆల్ఫా-2ని నేను వారానికి రెండుసార్లన్నా చూస్తాను, గేదెల్లో. మేం మత్తుకు వాడే జైలజిన్ అదే గ్రాహకం మీద పనిచేస్తుంది. మొన్న ఒక గేదెకు కొమ్ము విరిగితే కట్టు కట్టడానికి ఇచ్చాను. ఐదారు నిమిషాలకు తల వాల్చింది, చొంగ కారింది, మెల్లగా ముందు కాళ్ళు మడిచి పడుకుంది. స్టెత్ పెట్టి వింటే, నిమిషానికి 60 పైన ఉండాల్సిన గుండె 40 దగ్గర నడుస్తోంది. రైతు కంగారు పడ్డాడు, చచ్చిపోతుందేమోనని.

ఇందులో ఒక తమాషా ఉంది. సూది వేసిన మొదటి నిమిషాల్లో బీపీ కాస్త పెరుగుతుంది, ఆ తర్వాతే తగ్గుతుంది. ఆల్ఫా-2 రక్తనాళాల గోడల్లోనూ ఉంది, అక్కడ దాని పని బిగించడం. మెదడులో ఉన్నదేమో సడలిస్తుంది. గ్రాహకం ఒకటే, ఉన్న చోటును బట్టి పని మారుతుంది. పశువులకు ఇది ఎంత గట్టిగా తగులుతుందంటే, గుర్రానికిచ్చే మోతాదులో పదో వంతు చాలు ఆవుకు.

ఇంకో మాట, పాడి ఉన్న ఇళ్ళవాళ్ళు తప్పకుండా చదవాలి. పిడుదులకు కొట్టే అమిట్రాజ్ కూడా ఈ ఆల్ఫా-2 మందే. దాన్ని కూల్‌డ్రింకు సీసాలో పోసి పెడితే పిల్లలు తాగేస్తారు. మత్తు, గుండె నెమ్మదించడం, బీపీ పడిపోవడం ఉంటాయి. మామూలు పురుగుమందు అనుకుని పొరబడే అవకాశం ఉంది. ఆసుపత్రికి పరుగెత్తేటప్పుడు ఆ డబ్బా కూడా పట్టుకెళ్ళండి.

శీను_తెనాలి | ఆదివారం మధ్యాహ్నం 2:50

మాస్టారూ, సంచి తిరగేసి చూశాను. ఆమ్లోడిపిన్, ఐరన్ మాత్ర, గ్యాస్ మాత్ర, ప్రొప్రనొలాల్ 40. ఈ ఆఖరిది బీపీ డాక్టరు రాసింది కాదు. ఆరు నెలల కిందట చేతులు వణుకుతున్నాయని వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే రాశారు. పెళ్ళిలో అది మానలేదు, రోజూ వేసుకుంది.

సత్యం_మాస్టారు | ఆదివారం మధ్యాహ్నం 3:05

నేను భయపడింది ఇదే. ప్రొప్రనొలాల్ బీటా గ్రాహకాలన్నిటినీ మూసేస్తుంది. వాటిలో బీటా-2 అనేవి కండరాల్లోని రక్తనాళాలను వెడల్పు చేస్తాయి. క్లోనిడిన్ ఆగి నోరడ్రినలిన్, అడ్రినలిన్ పొంగినప్పుడు, నాళాలను బిగించే ఆల్ఫా-1 గ్రాహకాలు తెరిచే ఉన్నాయి, వదులు చేసే బీటా-2లు మూసి ఉన్నాయి. ఇక బీపీకి పైకి తప్ప దారి లేదు. ఈ జోడీ గురించి పాఠ్యపుస్తకాల్లో ప్రత్యేకంగా హెచ్చరిక ఉంటుంది. క్లోనిడిన్ ఆపాలనుకుంటే, కొన్ని రోజుల ముందే బీటా మందును తగ్గించి ఆపేసి, ఆ తర్వాత క్లోనిడిన్‌ను మెల్లమెల్లగా దించాలి.

రెండు మందులూ కలిస్తే గుండె మరీ నెమ్మదించే ప్రమాదం కూడా ఉంది. నువ్వు మాత్రం సొంతంగా ఏదీ ఆపకు. రేపు అట్టలన్నీ ఒక కవర్లో వేసుకుని బీపీ చూసే డాక్టరు ముందు పరిచి చూపించు.

సుజాత_హన్మకొండ | ఆదివారం సాయంత్రం 6:30

ఇదంతా చదివి టెన్షన్ పట్టుకుంది. నాకు ఏడో నెల. బీపీ 150/100 ఉందని మిథైల్‌డోపా గోలీలు ఇచ్చిన్రు, రోజుకు మూడు. వేసుకున్నప్పటి నుంచి మబ్బుగా, పగలు కూడా నిద్ర వచ్చినట్టు ఉంటోంది. మా అత్తమ్మ "మెదడు మీద పనిచేసే గోలీ అంట, బిడ్డకు ఏమన్నా అయితదేమో" అంటోంది. మానేయమంటారా?

సత్యం_మాస్టారు | ఆదివారం సాయంత్రం 6:48

వద్దమ్మా, మానేయొద్దు. మిథైల్‌డోపా మెదడులోకి వెళ్ళి, అక్కడి నాడీకణాల్లో నోరడ్రినలిన్‌ను పోలిన పదార్థంగా మారుతుంది. అది తగిలేది ఈ ఆల్ఫా-2కే. నీ నిద్రమత్తు కూడా ఆ గ్రాహకం వల్లే, చాలామందికి కొద్ది వారాల్లో తగ్గుతుంది. 1960ల నుంచి గర్భిణులకు ఇస్తున్న మందు ఇది. కడుపులో ఉన్నప్పుడు తల్లి ఈ మందు వాడిన పిల్లలను ఇంగ్లండులో ఏడున్నరేళ్ళ వయసు దాకా గమనించారు. ఎదుగుదలలో గాని తెలివితేటల్లో గాని వాళ్ళకు నష్టమేమీ కనబడలేదు. గర్భంలో అదుపు తప్పిన బీపీ మాత్రం తల్లికీ బిడ్డకూ ప్రమాదం. తల బాగా నొప్పిగా ఉన్నా, కళ్ళ ముందు మెరుపుల్లా కనిపించినా, పైకడుపులో నొప్పి వచ్చినా రాత్రి అని చూడకుండా వెళ్ళిపో.

లక్ష్మి_స్టాఫ్‌నర్స్ | ఆదివారం సాయంత్రం 7:20

సుజాతా, ఇంకొకటి గుర్తుపెట్టుకోమ్మా. కాన్పయ్యాక ఈ మాత్ర మార్చమని సాధారణంగా డాక్టర్లే చెబుతారు, దీనివల్ల కొందరిలో మనసు దిగులుగా ఉంటుంది కాబట్టి. వాళ్ళు మర్చిపోతే నువ్వే అడుగు. మీ అత్తమ్మ గారికి ఈ చర్చ చదివి వినిపించు.

రమణ_డయాలసిస్ | ఆదివారం రాత్రి 9:15

విజయనగరం నుంచి. గౌరవంతోనే విభేదిస్తున్నాను. మెదడు బీపీని సరిచేస్తుందనేది నిమిషాల లెక్క. నెలల లెక్క చూస్తే అంతా కిడ్నీదే. నేను రోజూ చూస్తున్నాను, డయాలసిస్‌లో మూడు లీటర్ల నీరు తీసేస్తే 190 ఉన్నవాళ్ళు 140కి దిగుతారు. ఏ గ్రాహకాన్నీ ముట్టుకోలేదు మేం. 1973లో అమెరికాలో కౌలీ, గైటన్ బృందంవాళ్ళు కుక్కల్లో బీపీని కనిపెట్టే నరాలను తెంపేశారు. బీపీ రోజంతా ఊగిసలాడింది, కాని సగటు పెద్దగా మారలేదు. మెదడుకు కబురే అందకపోయినా సగటు అలాగే ఉందంటే ఏమిటర్థం?

సత్యం_మాస్టారు | ఆదివారం రాత్రి 10:30

మంచి దెబ్బ కొట్టావు రమణా. ఆ ప్రయోగం నేనూ పాఠంగా చెప్పేవాణ్ణి. ముందు, తెలియనివాళ్ళ కోసం ఆ నరాల గురించి నాలుగు మాటలు.

దవడ కింద మెడకు రెండు పక్కలా కరోటిడ్ ధమని రెండుగా చీలే చోట, గుండె పైన బృహద్ధమని వంపులోనూ సాగుడును కనిపెట్టే నరాల కొసలుంటాయి. బీపీ పెరిగి గోడ సాగితే అవి మజ్జాముఖానికి కబురు పంపుతాయి, అక్కడ సింపథెటిక్ జోరు తగ్గుతుంది. పడుకున్నవాళ్ళు లేచి నిలబడితే అర లీటరుకు పైగా రక్తం కాళ్ళవైపు జారుతుంది. అయినా కళ్ళు తిరిగి పడిపోకుండా రెండు మూడు క్షణాల్లో సర్దేది ఈ ఏర్పాటే. ఆ సాగుడును కనిపెట్టే ప్రొటీన్లు పీజో-1, పీజో-2 అని 2018లోగాని తేలలేదు. వాటిని కనుగొన్న ఆర్డెమ్ పటాపూటియన్‌కు 2021లో నోబెల్ వచ్చింది.

ఇక నీ ప్రశ్న. ఆ కబురు పోయినా సగటు నిలిచిందంటే ఆ ఒక్క దారి సగటును నిర్ణయించడం లేదని అర్థం, అంతవరకు ఒప్పుకుంటాను. బీపీ నెలల తరబడి ఎక్కువగా ఉంటే ఆ నరాలు ఆ ఎక్కువకే అలవాటు పడిపోతాయి, 160నే మామూలనుకుంటాయి. మందు మొదలుపెట్టిన కొత్తలో 130కి రాగానే కొందరికి తల తేలిపోయినట్టు ఉండేది అందుకే. కాని మెదడుకు వేరే దారులున్నాయి.

1961లో బికర్టన్, బక్లీ అనేవాళ్ళు ఒక కుక్క తలకు వేరే కుక్క రక్తం అందేలా కలిపారు. ఆ తలకూ దాని ఒంటికీ మధ్య మిగిలిన సంబంధం నరాలే. తలకు వెళ్ళే రక్తంలో యాంజియోటెన్సిన్ అనే, రక్తనాళాలను బిగించే హార్మోను ఎక్కిస్తే, అది అందని ఒంట్లో బీపీ పెరిగింది. మెదడులో సబ్‌ఫోర్నికల్ ఆర్గన్ అనే ఆవగింజంత చోటు ఉంది. రక్తంలోని పదార్థాలను మెదడులోకి రానీయకుండా కాపలా ఉండే గోడ అక్కడ లేదు. రక్తంలో తిరిగే యాంజియోటెన్సిన్ అక్కడి ఏటీ-1 గ్రాహకాలకు తగిలితే దాహం వేస్తుంది, మూత్రాన్ని పట్టి ఉంచే హార్మోను వస్తుంది, సింపథెటిక్ జోరు పెరుగుతుంది. ఆ యాంజియోటెన్సిన్ తయారవడానికి కావాల్సిన రెనిన్ అనే ఎంజైము పుట్టేది ఎక్కడ? నీ కిడ్నీలోనే. రెనిన్ వదలమని చెప్పేవాటిలో ఒకటి కిడ్నీకి వచ్చే సింపథెటిక్ నరం, అది తగిలేది బీటా-1 గ్రాహకానికి. కిడ్నీ మెదడుతో మాట్లాడుతుంది, మెదడు కిడ్నీతో మాట్లాడుతుంది. ఎవరు పెద్ద అని తేల్చడం నా వల్ల కాదు.

రమణ_డయాలసిస్ | ఆదివారం రాత్రి 10:52

కిడ్నీ నరాలను లోపల్నుంచి కాల్చే చికిత్స 2014లో పరీక్షిస్తే ఉత్తుత్తి చికిత్సకూ దానికీ తేడా రాలేదు కదా మాస్టారూ?

సత్యం_మాస్టారు | ఆదివారం రాత్రి 11:05

రాలేదు, 535 మందిని చూశారు. ఆ తర్వాత పరికరాలు, పద్ధతి మార్చి మళ్ళీ పరీక్షిస్తే బీపీ కొన్ని పాయింట్లు తగ్గింది. 2023 నవంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. తగ్గేది కొద్దిగానే, కాని ఆ నరాల పాత్ర ఉందని చెప్పడానికి అది సాక్ష్యమే.

వాణి_డల్లాస్ | సోమవారం ఉదయం 6:20

ఇక్కడ శరీరధర్మశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను, ఇన్నాళ్ళకు తెలుగులో ఇలాంటి చర్చ చూశాను. నేను పనిచేసే మెలనోకార్టిన్-4 గ్రాహకం గురించి చెప్పాలి. ఇది మెదడులోని హైపోథలామస్ అనే భాగంలో ఆకలిని అదుపు చేస్తుంది. పుట్టుకతోనే ఇది సరిగా పనిచేయని కొందరికి చిన్నప్పట్నుంచే విపరీతమైన బరువు. లావుంటే బీపీ వస్తుందని మనందరం అంటాం కదా. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో అంతే లావున్న మామూలువాళ్ళలో 53 శాతానికి బీపీ ఉంటే, ఈ గ్రాహకం లోపించినవాళ్ళలో 24 శాతానికే ఉంది. అంటే కొవ్వు నేరుగా నాళాలను నొక్కడం ఒక్కటే కారణం అయ్యుండదు. "ఒంట్లో కొవ్వు చేరింది" అన్న కబురు ఈ గ్రాహకం ద్వారా వెళ్ళి సింపథెటిక్ నరాలను లేపుతోంది. బరువు తగ్గించే మందుగా ఈ గ్రాహకాన్ని ప్రేరేపించే పదార్థం ఇచ్చి చూస్తే బీపీ పెరిగింది కూడా.

మస్తాన్_నెల్లూరు | సోమవారం ఉదయం 7:45

మాస్టారూ, మెడ పక్కన ఆ నరాల కొసలున్నాయన్నారు. బీపీ పెరిగినప్పుడు అక్కడ నొక్కితే తగ్గుతుందా? మా ఆయుర్వేదం షాపాయన సర్పగంధ పొడి కూడా ఇస్తానంటున్నాడు.

సత్యం_మాస్టారు | సోమవారం ఉదయం 8:30

మెడ ముట్టుకోవద్దు మస్తాన్. వయసు మీద ఆ ధమనిలో కొవ్వు పేరుకుని ఉంటుంది, నొక్కితే ముక్క ఊడి మెదడులోకి పోయి పక్షవాతం రావచ్చు. రెండు పక్కలా నొక్కితే గుండె కాసేపు ఆగిపోవచ్చు కూడా.

సర్పగంధ అసలైన మందే, అందుకే పొడిగా కొనొద్దంటున్నాను. 1931లోనే కలకత్తా డాక్టర్లు సేన్, బోస్ దాని గురించి రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జల్ వకీల్ తన రోగుల అనుభవాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్‌లో ప్రచురించాకే లోకమంతా దీనివైపు చూసింది. 1952లో అందులోంచి రిసర్పిన్‌ను వేరుచేశారు. అది ఏ గ్రాహకానికీ తగలదు, నరం కొసల్లో నోరడ్రినలిన్ దాచుకునే సంచులను ఖాళీ చేస్తుంది. ఇక గ్రాహకానికి చేరడానికే ఏమీ మిగలదు. మోతాదు ఎక్కువైతే మనిషి దిగులులో కూరుకుపోతాడని ఆ రోజుల్లోనే గమనించారు. పొడిలో మోతాదు ఎంతుందో ఎవరు కొలుస్తారు?

ఇంకొకటి, నీకు బీపీ ఉంటే జలుబు మాత్రలు, ముక్కు చుక్కలు అడక్కుండా వాడకు. ముక్కు దిబ్బడ తీసేది రక్తనాళాలను బిగించే మందే. అసలు క్లోనిడిన్ పుట్టింది కూడా ముక్కు దిబ్బడ కోసమే! 1962లో జర్మనీలోని బోరింగర్ ఇంగెల్‌హైమ్ కంపెనీలో తయారుచేశారు. జలుబుతో ఉన్న ఒక సెక్రటరీ ముక్కులో చుక్కలు వేస్తే ఆమె మర్నాటిదాకా నిద్రపోయింది, బీపీ పడిపోయింది, నాడి నెమ్మదించింది. జలుబు మందు కాస్తా 1966లో బీపీ మందయింది.

వాణి_డల్లాస్ | సోమవారం ఉదయం 9:10

మస్తాన్ గారూ, నొక్కకుండా ఆ నరాలతో పని చేయించుకోవాలంటే నెమ్మదిగా ఊపిరి తీయండి, నిమిషానికి ఆరుసార్లు. 2005లో ఇటలీవాళ్ళు బీపీ ఉన్నవాళ్ళతో ఇలా చేయించి కొలిస్తే ఆ నరాల స్పందన మెరుగైంది, పై అంకె 150 నుంచి 141 దగ్గరకు వచ్చింది. మాత్రలు మాత్రం అలాగే వేసుకోండి.

శీను_తెనాలి | సోమవారం రాత్రి 8:40

డాక్టరు గారి దగ్గరికి వెళ్ళొచ్చాం. అట్టలన్నీ బల్ల మీద పరిచాను. ప్రొప్రనొలాల్ చూడగానే ఆయన కళ్ళజోడు తీసి "ఇదెప్పట్నుంచి?" అని అడిగారు. ఆయన చీటీలో అది లేనే లేదు. నాడి 54 ఉంది. ప్రొప్రనొలాల్‌ను రెండు వారాల్లో తగ్గించి ఆపేయమన్నారు. తర్వాత నెల పైన తీసుకుని క్లోనిడిన్‌ను తగ్గిస్తూ వేరే మందుకు మారుద్దామన్నారు. వణుకు కోసం మొదటి డాక్టరుకు ఒక ఉత్తరం కూడా రాసిచ్చారు.

అమ్మ చేత ఈ చర్చంతా చదివించాను. గేదె కథ దగ్గర ఆగి "నాకూ అలాగే మత్తుగా ఉండేది, వయసనుకున్నాను" అంది. నోరు ఎండిపోతోందని మంచం పక్కన చెంబు పెట్టుకుని పడుకుంటుంది రెండేళ్ళుగా. అది కూడా మందు వల్లేనా మాస్టారూ?

సత్యం_మాస్టారు | సోమవారం రాత్రి 9:05

అదీ ఆ మందు వల్లే శీనూ. మోతాదు దిగేకొద్దీ చెంబు అవసరం తగ్గుతుంది. రోజూ ఒకే వేళకు బీపీ, నాడి రెండూ రాసి పెట్టు. నాడి 50 కన్నా తగ్గినా, కళ్ళు తిరిగినా వెంటనే ఫోన్ చెయ్యి.

లక్ష్మి_స్టాఫ్‌నర్స్ | సోమవారం రాత్రి 9:30

ఒక అట్ట సగం కత్తిరించి అమ్మ పర్సులో ఎప్పుడూ ఉంచండి శీను గారూ. మాత్ర పేరు, గడువు తేదీ కనిపించేలా కత్తిరించండి.